అక్షరాలన్నీ రెండున్నర మిల్లీమీటర్లే

కళ్ళ డాక్టరమ్మ సోమవారం పొద్దున్నే డ్రాయింగు చుట్ట చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. టీ వద్దంది. కుర్చీ వద్దంది. చుట్టని బల్ల మీద పరిచి, ముడుచుకుపోకుండా ఒక మూల స్టేప్లరు, ఇంకో మూల టేపు, మూడో మూల పెద్దసారు సెల్‌ఫోను పెట్టి, నాలుగో మూలని తన అరచేత్తో అదిమింది.

"ఇది కాస్త చదవండి," అంది.

పెద్దసారంటే ఆ ఆఫీసు యజమాని. ముప్ఫయ్యేళ్ళుగా ఇళ్ళూ బళ్ళూ ఆసుపత్రులూ గీస్తున్న ఆర్కిటెక్టు. నోరు విప్పాడంటే ఎదుటివాళ్ళకి ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వడు. అంతటాయన కాగితం మీదకి వంగి, వెనక్కి జరిగి, మళ్ళీ వంగి, "బాగానే ఉందిగా," అని ఊరుకున్నాడు.

"బాగానే ఉందా? ఒక్క కాగితం మీద ఏడు రకాల అక్షరాలున్నాయండీ. కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి చీమ తల, ఒకటి ఏనుగు పాదం, ఒకటి గాలికి వాలిపోతోంది. చూపు పరీక్షకి గోడకి చార్టే అక్కర్లేదు నాకు, ఇది తగిలిస్తే చాలు. ఇందులో వెయిటింగ్ హాలు ఏదో నాకే తెలీకపోతే రేపు కట్టేవాళ్ళకేం తెలుస్తుంది?"

ఆవిడ మాటల్లో అబద్ధమేమీ లేదు. ఆవిడ కంటి ఆసుపత్రిని పదకొండేళ్ళ కిందట ఈ ఆఫీసే గీసింది. ఇప్పుడు దాని మీద ఇంకో అంతస్తు వెయ్యాలి, లిఫ్టు పెట్టాలి. పాత డ్రాయింగే తీసి దాని మీదే కొత్తది గీస్తున్నారు. ఈ పదకొండేళ్ళలో ఎవరెవరి చేతులు పడ్డాయో, ఎవరికి నచ్చిన అక్షరాలు వాళ్ళు పెట్టుకుంటూ పోయారు.

"గురువారం పదకొండింటికి మేస్త్రిని కూడా పిలిచాను," అంది డాక్టరమ్మ. "అప్పటికి మొత్తం ఒకే రకం అక్షరాల్లో, ఒకే సైజులో కావాలి. అన్ని షీట్లూ."

"అదెంతసేపండీ, కంప్యూటరే కదా," అన్నాడు పెద్దసారు. అని, తల తిప్పకుండానే పిలిచాడు. "అమ్మాయ్."

అమ్మాయికి నలభై ఒకటి. ఇద్దరు పిల్లలు, పెద్దది కాలేజీకొచ్చింది. పందొమ్మిదేళ్ళ కిందట డ్రాఫ్టింగ్ నేర్చుకుని ఈ ఆఫీసులో చేరినప్పుడు పెద్దసారు అలా పిలిచాడు. ఆ పిలుపే ఉండిపోయింది. డ్రాయింగులు అచ్చువేసే ప్లాటరు బాగుచెయ్యడానికొచ్చే మెకానిక్ ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, వాడు కూడా "అమ్మాయి మేడం" అంటాడు.

ఆమెని ఆ ఆఫీసులో చేర్పించింది ఆమె బాబాయి, నాన్నకి స్వయానా తమ్ముడు. ఇరవై రెండేళ్ళు అక్కడే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, మూడేళ్ళ కిందట మానేశాడు. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు. ఆయన పక్కన పదహారేళ్ళు కూర్చుని పనిచేసిన అమ్మాయికి ఆయన గొంతు ఎలా ఉంటుందో గట్టిగా అడిగితే చెప్పడం కష్టం. తప్పు గీస్తే స్క్రీను మీద పెన్సిలు మొన ఆనించేవాడు. ఒప్పు గీస్తే ఆనించేవాడు కాదు. అంతే. ఇంట్లోవాళ్ళు కూడా ఆయనకి మాటలు పొదుపు అనేవారు. పెద్దసారికి మాత్రం ఆయనంటే మహా ఇష్టం. తను మాట్లాడుతుంటే అడ్డు రాకుండా వినే మనిషి మళ్ళీ దొరకడని ఇప్పటికీ అంటుంటాడు.

అమ్మాయి మంగళవారం పని మొదలుపెట్టింది. మొత్తం తొమ్మిది షీట్లు. పెద్దసారు అన్నట్టు కంప్యూటరే, కానీ అదెంతసేపన్న మాట కంప్యూటరుకి తెలీదు. డ్రాయింగులో రాసే ప్రతి మాటకీ ఒక స్టైలు ఉంటుంది. ఏ అక్షరాలు, ఎంత వెడల్పు, ఎంత వాలు అన్నీ అందులోనే ఉంటాయి. స్టైలు మారిస్తే దాని కింద రాసినవన్నీ ఒక్కసారే మారాలి. చాలావరకు మారాయి కూడా. అప్పుడు మొదలైంది తంటా. కొత్త అక్షరాలు కాస్త ఒళ్ళున్నవి. "మందుల గది" గోడ దాటి పక్కనున్న "ఆపరేషన్ థియేటర్" మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. "స్త్రీలు" అన్న మాట జరిగి పురుషుల టాయిలెట్లోకి వెళ్ళింది. వెడల్పు తగ్గించి ఎవరి గదిలోకి వాళ్ళని పంపేసరికి మధ్యాహ్నమైంది.

తలుపుల నంబర్లు అసలు మాట వినలేదు. అవి ఒక్కో డబ్బాలో బిగించి ఉన్నాయి. డబ్బా తెరిచి, లోపల మార్చి, మూసి వస్తే తప్ప బయటి నుంచి ఎన్ని చెప్పినా చెవిన పెట్టవు. కొలతల అంకెలది ఇంకో దారి, వాటికి వేరే స్టైలు. ఒక షీట్లో ఎప్పుడో ఎవరో తెచ్చిపెట్టిన అక్షరాలు ఈ కంప్యూటర్లో లేనే లేవు. అక్కడ వరసగా ప్రశ్నార్థకాలే కనిపించాయి. గది గుమ్మంలో నాలుగు ప్రశ్నార్థకాలు. ఏ గది అది అని ఆమెకీ తెలీలేదు. చివరికి లోపల గీసిన సింకును బట్టి పోల్చుకుంది.

ఆ పనిలోనే ర్యాంపు కంటబడింది. గేటు నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా చక్రాల కుర్చీ కోసం గీసిన ఏటవాలు దారి అది. కార్లకి చోటు సరిపోవడం లేదని పెద్దసారు పోయిన వారం దాన్ని సగానికి కుదించాడు. "ర్యాంపు" అన్న మాటని కొత్త అక్షరాల్లోకి మారుస్తూ అమ్మాయి కొలత చూసింది. ఎత్తు అంతే ఉంది, పొడుగు సగమైంది. ఇది జారుడుబల్ల అవుతుంది కదా అనుకుంది. కళ్ళకి కట్టుతో దిగే ముసలాయన ఒకడు ఊహలోకొచ్చాడు. చెబుదామని లేచింది. పెద్దసారు ఫోన్లో ఉన్నాడు. ఒక చేత్తో గాల్లో భవనం గీసి చూపిస్తూ అవతలివాడికి ఏదో వివరిస్తున్నాడు. కాసేపు నిలబడి చూసి, వచ్చి కూర్చుంది.

బుధవారం సాయంత్రానికి ఎనిమిది షీట్లు అయ్యాయి. మిగిలింది పదకొండేళ్ళ నాటి గ్రౌండ్ ఫ్లోరు ప్లాను. అది బాబాయి చేతి పని. అందులో మార్పులేమీ లేవు, లిఫ్టు గొయ్యి ఒక్కటే కొత్తది. గురువారం పొద్దున చూసుకోవచ్చులే అని ఇంటికెళ్ళింది.

గురువారం తొమ్మిదిన్నరకి షీటు తెరిచింది. అక్షరాల ఎత్తులు చూస్తే ఒకటి రెండుంబావు, ఒకటి మూడు, ఒకటి రెండు పాయింటు నాలుగేడు. ఒక్కొక్కటీ పట్టుకుని సరిచేసే టైము లేదు. రాతలన్నిటినీ ఒక్కసారే ఎంచుకుని, ఒకే స్టైలు పెట్టి, ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లని కొట్టింది. ఎంచుకున్నవి పద్నాలుగు వందల పన్నెండు అని మూలన చూపించింది కంప్యూటరు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ షీట్లో రాతలు మహా అయితే మూడొందలుంటాయి. పద్నాలుగు వందలేమిటి?

"అమ్మాయ్, పదయింది. ప్రింట్లేవీ?" అని గుమ్మంలోంచి పెద్దసారు గొంతు.

ఆమె తొమ్మిది షీట్లూ ప్లాటరుకి పంపించేసింది. ప్లాటరు తలుపంత కాగితాల్ని ఒక్కొక్కటే చప్పుడు చేస్తూ కక్కుతుంటే పెద్దసారే స్వయంగా నిలబడి అందుకున్నాడు, చుట్టచుట్టాడు, రబ్బరు బ్యాండు వేశాడు, కారు తాళాలు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. కాగితం వంక చూడను కూడా చూడలేదు. చూసినా ఆయనకి ఏం కనపడేదో అనుమానమే. కళ్ళజోడు ముసలివాళ్ళ సరుకని ఆయన అభిప్రాయం.

కారు చప్పుడు వీధి మలుపు తిరిగాక అమ్మాయి తీరిగ్గా స్క్రీనుకేసి చూసింది. షీటంతా చీమలు పట్టినట్టుంది. గోడల లోపల, మెట్ల పక్కన, కిటికీల కింద, ఖాళీ అన్నది లేకుండా వరసలు వరసలుగా రాతలు. ఇన్నేళ్ళూ అక్కడ చిన్న చిన్న చుక్కలుండేవి. ప్రింట్లో కూడా పడేవి. ప్లాటరు ఇంకు చిమ్ముతోందని పెద్దసారు ఆ మెకానిక్‌ని పిలిచి ఎన్నిసార్లు చివాట్లు పెట్టాడో లెక్కలేదు. ఆ చుక్కలే ఇవి. ఎవరో వెంట్రుక మందంలో సగం ఎత్తున రాసిన మాటలు. తను కొట్టిన ఒక్క మీటతో అన్నీ రెండున్నర మిల్లీమీటర్లయి లేచి కూర్చున్నాయి.

దగ్గరికి లాగి మొదటిది చదివింది.

"ఈ మెట్లు డాక్టరమ్మ గారు మార్చమన్నారు. తొమ్మిదోసారి. మొదటిసారి గీసిందే మళ్ళీ గీసి చూపించాను. ఇప్పుడు చాలా బాగుందన్నారు."

అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. పక్కన ఇంకోటి.

"సారు ఈ గదికి కిటికీ వద్దన్నారు. ఈ గదిలో కూర్చోబోయేది సారు కాదు."

దాని కింద:

"ఇవాళ సారు గంటన్నర మాట్లాడారు. ఈ గోడ మొత్తం ఆ గంటన్నరలో గీశాను."

స్టాఫ్ టాయిలెట్ దగ్గర:

"ఈ తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కి కొట్టుకుంటుంది. సారుకి చెప్పాను. అంటే, చెబుదామని లేచాను. ఫోన్లో ఉన్నారు. కూర్చున్నాను."

అది చదివి ఆమె ఇంకా ముందుకి వెళ్ళలేకపోయింది. రాసింది ఎవరో అడగక్కర్లేదు. ఆ షీటు మూల 'గీసినవారు' అన్న చోట ఉన్న పొడి అక్షరాలు బాబాయివే.

పెద్దసారుకి ఫోన్ చేసింది. ఎంగేజ్. ఆయన ఫోను ఎప్పుడూ ఎంగేజే. మూడుసార్లు ప్రయత్నించి, బాబాయికి చేసింది.

"బాబాయ్, కంటి ఆసుపత్రి డ్రాయింగులో చుక్కలు నువ్వు పెట్టినవేనా?"

అవతల దూరంగా స్కూలు గంట వినపడింది.

"కనపడ్డాయా?" అన్నాడు.

"అందరికీ కనపడతాయి. సారు ప్రింటు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు."

"ఎంత సైజు?"

"రెండున్నర."

బాబాయి గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆఫీసు గేటు దగ్గర నిలబడు. వస్తున్నా."

పిల్లల్ని దింపేశాక సాయంత్రం దాకా వ్యాను ఖాళీయే. ఐదు నిమిషాల్లో వచ్చింది. అమ్మాయి ముందు సీట్లో ఎక్కింది. కాళ్ళ దగ్గర ఎవరిదో నీళ్ళ సీసా, సీటు మీద సగం కొరికిన రబ్బరు. బాబాయి చొక్కా జేబు మీద ఎవరో రంగు పెన్నుతో పువ్వు వేశారు. దాన్ని ఆయన పట్టించుకున్నట్టు లేదు.

"ఎన్ని రాశావు?" అంది.

"లెక్కపెట్టలేదు."

"ఆ ఒక్క షీట్లోనే పదకొండు వందలున్నాయి బాబాయ్."

"అది పెద్ద భవనం," అన్నాడాయన, ఆలోచించి.

అమ్మాయికి కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఎందుకు రాశావు? ఎవరైనా చూస్తారని అనుకోలేదా?"

"చూడాలనుకుంటే పెద్దగానే రాసేవాణ్ణి." గేరు మార్చాడు. "లోపల ఉంచుకుంటే నిద్ర పట్టేది కాదమ్మాయ్. రాస్తే పట్టేది."

"చెప్పొచ్చు కదా."

"ఎవరికి?"

ఆయన పక్కనే పదహారేళ్ళు కూర్చుంది తనే కదా. తను మాత్రం ఏమడిగింది?

"పిల్లలు నయం," అన్నాడు బాబాయి ఉన్నట్టుండి. "ఇంటి దగ్గర ఎక్కినప్పటి నుంచి స్కూలు దగ్గర దిగేదాకా అడుగుతూనే ఉంటారు. చక్రం ఎందుకు గుండ్రంగా ఉంది, వాన ఎందుకు ఆగింది. అడిగితే చెప్తాం కదా."

ఇన్ని మాటలు ఆయన నోట వరసగా రావడం అమ్మాయి మొదటిసారి విన్నది.

వాళ్ళు ఆసుపత్రి చేరేసరికి పదకొండుంబావు. డాక్టరమ్మ గది తలుపు తెరిచే ఉంది. బల్ల నిండా తొమ్మిదో షీటు పరిచి ఉంది. ఒక పక్క మేస్త్రి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఇంకో పక్క పెద్దసారు మొహం జేవురించి, కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, పేషెంటు చీటీ చదివినట్టు, ఏ రాగమూ లేకుండా పైకి చదువుతోంది.

"'ఈ చుక్కల్ని చూసి సారు ప్లాటరు మెకానిక్‌ని తిట్టారు. పాపం వాడిదేం తప్పు లేదు. ఇవాళ వాడికి టీ నేనిప్పించాను.'" కళ్ళెత్తి పెద్దసారుని చూసింది. "ఇది కూడా ప్లానులో భాగమేనా అండీ?"

"అదీ... అంటే, నిర్మాణ సమయంలో మా వాళ్ళు కొన్ని పరిశీలనలు నమోదు..." అంటూ పెద్దసారు మొదలుపెట్టి, గుమ్మంలో అమ్మాయినీ, ఆమె వెనక బాబాయినీ చూశాడు. సగం మాట గాల్లోనే ఉండిపోయింది. 

"సార్, తప్పు నాదండి," అంది అమ్మాయి. "సైజులు మార్చేటప్పుడు..."

"రాసింది నేనండి," అన్నాడు బాబాయి.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. "నువ్వా? ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావయ్యా. ఒక్కనాడు నోరు విప్పి ఒక్క మాట అనలేదు."

"మీరు మాట్లాడుతున్నారు కదండీ," అన్నాడు బాబాయి, చాలా మర్యాదగా.

మేస్త్రి దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. పెద్దసారు నోరు తెరిచి, మూసి, కూర్చున్నాడు.

డాక్టరమ్మ మాత్రం బాబాయిని కాసేపు నిదానంగా చూసింది. మెట్ల దగ్గర రాసింది ఆవిడ చదివిందో లేదో అని అమ్మాయి ఆ మొహమే చూస్తోంది. చదివింది. "తొమ్మిదోసారి మొదటిదే చూపించారా?" అంది.

"అవునండి."

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది," అంది డాక్టరమ్మ. ఆవిడ పెదవి చివర కాస్త వంకర తిరిగింది. అది నవ్వేనని అమ్మాయి తేల్చుకోడానికి ఇంకొంచెం టైము పట్టింది. "సరే అదలా ఉంచండి. టాయిలెట్ తలుపు సంగతి మీకు పదకొండేళ్ళ కిందటే తెలుసా? ఆ వాష్‌బేసిన్ రెండుసార్లు పగిలిందండీ. మా నర్సు ఆ తలుపు సగం తెరిచి, పక్కకి ఒరిగి లోపలికి వెళ్తుంది. చూసినవాళ్ళకి ఆవిడ నడుముకేదో అయిందనిపిస్తుంది."

"తెలుసండి."

"ఇంకా ఏం తెలుసు?"

బాబాయి ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టాడు. పడమటి మూల, మెట్ల పక్కన, కొత్తగా లిఫ్టు గొయ్యి గీసిన చోటు. గొయ్యి గీతలకీ కొలతలకీ మధ్య ఇరుక్కుని నాలుగు వరసలున్నాయి. అమ్మాయి వంగి చదివింది.

"ఇక్కడ నేల కింద పాత మురుగు గొట్టం ఉంది. వీధి మొత్తానిది. ఏ డ్రాయింగులోనూ లేదు. పునాది తవ్వినప్పుడు చూశాను, మళ్ళీ పూడ్చేశారు. సారు ఆ రోజు సైటుకి రాలేదు. పై అంతస్తుకని ఎవరైనా ఇక్కడ తవ్వితే ముందు ముక్కు మూసుకోండి."

మేస్త్రి వచ్చి కాగితం మీద వంగాడు. "సోమవారం ఇక్కడే తవ్వకం మొదలుపెడదామనుకున్నాం," అన్నాడు. "ఆ గొట్టం మీద గునపం పడితే వీధి వీధంతా మన వెయిటింగ్ హాల్లోకి వచ్చేదండి."

"వద్దు, చెప్పకండి," అంది డాక్టరమ్మ.

అప్పుడే చిన్నగా తవ్వి చూద్దామని మేస్త్రి ఇద్దరు మనుషుల్ని పిలిచాడు. మెట్ల పక్కన రెండు బండలు లేపి, మోకాలి లోతు తవ్వేసరికి గునపానికి కాదు, పారకే టంగుమని తగిలింది. బుర్రంత లావు గొట్టం. అందరూ చుట్టూ మూగి చూశారు. పెద్దసారు కూడా వచ్చి నిలబడ్డాడు. తిరిగి గదిలోకొచ్చాక ఆయనే మొదట పెన్సిలు తీసి, లిఫ్టుని తూర్పు వైపుకి జరుపుతూ కాగితం అంచున గబగబా గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి మాత్రం మంచి చెయ్యి. నాలుగు గీతల్లో లిఫ్టు అక్కడ ఇమిడిపోయింది, మందుల గదికి దారి కూడా దగ్గరయింది.

అమ్మాయి ఆయన చెయ్యి చూస్తూ నిలబడింది. లేచాను, ఫోన్లో ఉన్నారు, కూర్చున్నాను. ఆ మాటలు బుర్రలోంచి పోవడం లేదు. బాబాయి కనీసం చుక్కయినా పెట్టాడు. తను మంగళవారం నిలబడి, వచ్చి కూర్చుంది. ఎక్కడా ఏమీ రాయలేదు.

"సార్," అంది.

పెద్దసారు గీస్తూనే, "ఊఁ. ఈ పక్క గోడ చూడమ్మాయ్, దీన్ని ఇలా మడిస్తే ఇంకో కిటికీ..."

"సార్, ర్యాంపు మరీ నిటారుగా ఉందండి."

ఆయన గీత ఆగింది. డాక్టరమ్మ తలెత్తింది.

"పొడుగు సగం చేశాం, ఎత్తు అలాగే ఉంచాం," అంది అమ్మాయి. "చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎక్కలేరు. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. ఇక్కడికొచ్చేవాళ్ళు కళ్ళకి కట్టుతో ఉంటారు కదండీ. రెండు కార్ల చోటు వదిలేస్తే పాత పొడుగు వస్తుంది."

పెద్దసారు ర్యాంపు గీసిన షీటు లాగి, ఆ మూలని దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. అంకె ఆయనకి ఆనడం లేదని గదిలో అందరికీ తెలిసిపోయింది. డాక్టరమ్మ సొరుగులోంచి ఒక ఫ్రేము తీసి, రెండు అద్దాలు బిగించి, అడక్కుండానే ఆయన ముక్కు మీద పెట్టింది.

"ఇప్పుడు చూడండి."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న తొమ్మిదో షీటు కేసి తిరిగి, అది కూడా చూశాడు. ఈసారి పెదవులు కదుపుతూ చదివాడు.

"ఇది ఎవరన్నారు సగం చెయ్యమని?" అన్నాడు చివరికి, ర్యాంపు గురించి.

"మీరేనండి," అంది అమ్మాయి.

"తప్పే," అన్నాడు. ఆ మాట ఆ ఆఫీసులో ఎవరికీ ఆయన నోట విన్నట్టు గుర్తులేదు.

బాబాయి మూడింటికి స్కూలు దగ్గరుండాలని లేచాడు. డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చింది. నెలకోసారి వచ్చి ఆసుపత్రి చుట్టూ ఒక తిరుగు తిరిగి ఏం కనపడితే అది చెప్పి వెళ్ళమని అడిగింది. చిన్నగా రాయొద్దు, నోటితోనే చెప్పాలని షరతు పెట్టింది. ఆయన తల ఊపాడు. వ్యాను దాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి, "వెయిటింగ్ హాల్లో ఫ్యాను కాస్త ఎడమకి జరపండి. దీపం వెలుతురు రెక్కల్లోంచి మిణుకు మిణుకుమంటోంది, కళ్ళు నొప్పెడతాయి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దసారు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఆఫీసు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఫోను మోగితే పొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. అమ్మాయికి అది అలవాటు లేక, గడియారం ఆగిపోయిన ఇంట్లో కూర్చున్నట్టుండేది.

తర్వాతి వారం కొత్త కళ్ళజోడుతో వచ్చాడు. సన్నటి ఫ్రేము. ఎవరూ ఏమనకముందే, "డాక్టరమ్మ అంటగట్టింది," అన్నాడు. అని, అమ్మాయి పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాబాయి కూర్చున్న కుర్చీ అది. "మీ బాబాయి గీసిన పాత ఫైళ్ళన్నీ తియ్యి. చుక్కలన్నీ పెంచు."

"అన్నీనా?"

"అన్నీ."

మొత్తం నలభై మూడు భవనాలు. ఒక్కొక్కటే తెరిచి, చుక్కల్ని ఎంచి, రెండున్నర చేస్తుంటే ఆయన పక్క నుంచి చదువుతూ పోయాడు. వేరేవాళ్ళ గురించి రాసినవి చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. తన గురించి రాసినవి వస్తే "తర్వాతది" అనేవాడు. పనికొచ్చేవి ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఎక్కడ చెమ్మ ఊరుతుంది, ఏ గోడ మీద బరువు పెట్టకూడదు, ఎక్కడ కరెంటు తీగ దారి తప్పింది. ఒక సినిమా హాలు ముఖభాగం దగ్గర ఒకే ఒక్క చుక్క ఉంది. పెంచి చూస్తే ఇలా ఉంది:

"సారు మాటలు ఎక్కువ, కానీ చెయ్యి గొప్పది. ఈ గుమ్మం ఈ ఊళ్ళో ఇంకెవరూ ఇలా గీయలేరు. ఈ మాట ఆయనకి చెప్పకూడదు. చెబితే నెలంతా వినాల్సొస్తుంది."

పెద్దసారు అది రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. 

అన్నిటికంటే పాతవాటిలో ఒక బడి భవనం ఉంది. దాని మెట్ల దగ్గర అమ్మాయి తనే గీసిన మొట్టమొదటి గీతలున్నాయి. పక్కనే చుక్క. పెంచింది.

"మా అన్న కూతురు ఇవాళ చేరింది. ఈ మెట్లు తనే గీసింది. ఎక్కడా పెన్సిలు ఆనించాల్సిన పని పడలేదు. ఇంటికెళ్ళి అన్నయ్యకి చెప్పాలి. వదినకి చెప్పాలి. అమ్మాయికి చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు."

స్క్రీను కాసేపు మసగ్గా కనిపించింది. పెద్దసారు చూడనట్టు కిటికీ కేసి తిరిగాడు. 

ఆమె ముక్కు తుడుచుకుని ఆ ఫైలు మూశాక, ఆయన పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"పందొమ్మిదేళ్ళయింది నువ్వు చేరి," అన్నాడు. "నువ్వెక్కడ దాచావు చుక్కలు?"

"నేనేం పెట్టలేదండి."

"చెప్పాలనుకుని చెప్పనివి ఉండే ఉంటాయిగా."

అమ్మాయి ఆలోచించింది. ముందు ఒకటి గుర్తొచ్చింది. దానెనకే ఇంకోటి. ప్రసూతి ఆసుపత్రిలో మంచం తిరగని నడవా. అపార్ట్‌మెంట్లో వాన పడితే నీళ్ళు నిలిచే పార్కింగు. ఎవరికీ అందనంత ఎత్తున లైబ్రరీ అల్మరా. మొదట్లో ఒక్కోటీ ఆగి ఆగి చెప్పింది. తర్వాత ఆగడం మర్చిపోయింది. ఆమె గొంతు పెరగడం చూసి పక్క గదిలో అకౌంటెంటు తలుపు సందులోంచి తొంగిచూశాడు.

పెద్దసారు పుస్తకం మీద వంగి గబగబా రాస్తున్నాడు. కళ్ళజోడు జారిపోతుంటే వేలితో పైకి తోసుకున్నాడు.

"కాస్త నిదానంగా చెప్పు అమ్మాయ్," అన్నాడు. "చెయ్యి అందుకోవడం లేదు."